నైట్రేట్ 80 దగ్గరే కూర్చుంది, ప్రతి ఆదివారం నీళ్లు మార్చినా దిగడం లేదు

మియాపూర్_శ్రీను | మార్చి 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

ఉప్పునీటి ట్యాంకు పెట్టి పద్నాలుగు నెలలైంది. పై ట్యాంకు, కింద సంప్ (నీళ్లు వడకట్టే రెండో తొట్టి) కలిపి, రాళ్లు ఆక్రమించిన చోటు తీసేస్తే నికరంగా 300 లీటర్ల నీళ్లు. రెండు క్లౌన్ చేపలు, మూడు డామ్సెల్‌లు, ఒక ఫాక్స్‌ఫేస్, ఒక క్లీనర్ రొయ్య ఉన్నాయి. మష్రూమ్, జోవాంథిడ్ లాంటి మెత్తని పగడాలు కొన్ని. మా అమ్మాయి ముచ్చటపడి ఎంచుకున్న బబుల్ టిప్ అనిమోనీ ఒకటి, పువ్వులా విప్పుకునే సముద్ర జీవి.

గత ఆరు నెలలుగా నైట్రేట్, అంటే చేపల వ్యర్థం, మిగిలిన మేత కుళ్లి చివరికి నీళ్లలో మిగిలేది, లీటరుకు 50 మిల్లీగ్రాములకి, 100కి మధ్య ఎక్కడో ఆడుతోంది. కిట్ కార్డు మీద ఆ రెండు ఎరుపులకీ తేడా నాకు తెలియడం లేదు, మా ఆవిడ ఒక గడి చూపిస్తే నేను ఇంకొకటి చూపిస్తాను. ప్రతి ఆదివారం తప్పకుండా 30 లీటర్లు మారుస్తున్నాను. నైట్రేట్ పీల్చుకునే సంచులు వేశాను. దుకాణం అతను ఇచ్చిన బ్యాక్టీరియా సీసాలు మూడు పోశాను. ఏడు వేలు దాటింది ఖర్చు. నీళ్లు వంటింటి ఆర్‌ఓ మిషన్‌వే కాబట్టి అక్కడ సమస్య లేదు.

చేపలు బాగానే తింటున్నాయి. అనిమోనీ మాత్రం రెండు వారాలుగా పూర్తిగా విప్పుకోవడం లేదు, నోరు తెరుచుకుని ఉంటోంది. గాజు మీద నాచు ఉదయం తుడిస్తే సాయంత్రానికి మళ్లీ గోధుమరంగు పొర. ఏం చేయాలో చెప్పండి.

డాలస్_మోహన్ | మార్చి 9, రాత్రి 11:55

శ్రీను గారూ, 80 అంటే అనిమోనీ ఊరుకోదు. నేనైతే సల్ఫర్ రియాక్టర్ పెట్టేస్తాను. ఒక గొట్టంలో గంధకం గుళికలు, వాటి మీదుగా నీళ్లు చాలా నెమ్మదిగా వెళ్తాయి. లోపల ప్రాణవాయువు లేని చోట పెరిగే బ్యాక్టీరియా గంధకాన్ని వాడుకుంటూ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చేస్తుంది. మా ఇంట్లో 110 నుంచి 5కి వచ్చింది. ఒకసారి కుదిరితే ఇక చూసుకోనక్కరలేదు.

పాతతొట్టి | మార్చి 10, ఉదయం 6:20

మోహన్, కుదిరితే చూసుకోనక్కరలేదు, నిజమే. కుదరకపోతే? ప్రవాహం మరీ తగ్గితే ఆ గొట్టంలోంచి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపలకు విషం. పైగా ఆల్కలినిటీని, అంటే నీళ్ల పీహెచ్‌ను నిలబెట్టే శక్తిని, తినేస్తుంది. ఇంకా కిట్ కార్డు మీద రంగు పోల్చుకోలేకపోతున్న మనిషికి రియాక్టర్ అప్పగిస్తావా?

శ్రీనూ, ముందు ఏమీ కొనకు. ఈరోజు ఏమీ పోయకు కూడా. నువ్వు చెప్పిన 50, 100 రెండూ నమ్మదగ్గ అంకెలు కావు. కార్డు మీద ఆ చివర గడులన్నీ ఒక్కలాగే ఉంటాయి. ట్యాంకు నీళ్లు ఒక పాలు, నైట్రేట్ లేని శుద్ధమైన నీళ్లు నాలుగు పాళ్లు కలిపి పరీక్షించు. వచ్చిన అంకెను 5తో గుణించు. లేత రంగుల దగ్గర కన్ను మోసపోదు.

ఏడు_రంగులు | మార్చి 10, ఉదయం 9:05

సంప్‌లో బయో బాల్స్, సిరామిక్ రింగులు (బ్యాక్టీరియా పట్టడానికి వేసే బంతులు, రింగులు) ఉంటే అన్నీ తీసి అవతల పడేయండి. నైట్రేట్ కార్ఖానాలు అవి. నాకు తెలిసి అందరి సమస్యా అదే.

పాతతొట్టి | మార్చి 10, ఉదయం 9:30

ఈ మాట ఇరవై ఏళ్లుగా వింటున్నాను. బంతులు నైట్రేట్‌ను గాలిలోంచి పుట్టించవు. చేప విసర్జించిన అమ్మోనియా బంతి మీద కాకపోతే రాతి మీద, రాతి మీద కాకపోతే గాజు మీద నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మారి తీరుతుంది. అసలు దోషం బంతుల మధ్య ఇరుక్కుని కుళ్లే మడ్డిది. కడగని స్పాంజీ, వారాల తరబడి మార్చని ఫిల్టర్ సాక్ (మురికి పట్టే గుడ్డ సంచి) కూడా అదే పని చేస్తాయి. కడుగుతూ ఉంటే బంతులతో పేచీ లేదు. ఒక్కసారిగా అన్నీ తీసేస్తే మాత్రం అమ్మోనియా లేవవచ్చు. శ్రీనూ, సాక్ ఎన్నాళ్లకు మారుస్తావు?

మియాపూర్_శ్రీను | మార్చి 10, మధ్యాహ్నం 1:15

నిజం చెప్పాలంటే నిండి పొర్లినప్పుడు, అంటే దాదాపు పది రోజులకు. ఈరోజు తీసి చూస్తే అడుగున రెండు వేళ్ల మందాన బురద ఉంది, అందులో కరగని మేత గుళికలు అలాగే కనిపిస్తున్నాయి. ఇక మీదట మూడు రోజులకోసారి మారుస్తాను.

రసాయన_మాస్టారు | మార్చి 10, సాయంత్రం 5:40

కిట్ గురించి రెండు మాటలు. ఈ పరీక్షలో నైట్రేట్‌ను నేరుగా చూడలేము. ఒక పొడి, సాధారణంగా జింకు, నైట్రేట్‌లో కొంత భాగాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. మనకు కనిపించే గులాబీ రంగు ఆ నైట్రైట్‌ది. అందువల్ల రెండు సంగతులు. ఒకటి, ద్రవాల కిట్ అయితే రెండో సీసాలో ఆ పొడి అడుగున గట్టిపడుతుంది. అర నిమిషం గట్టిగా, బల్లకేసి కొట్టి మరీ ఊపాలి. సగం ఊపితే సగం అంకె వస్తుంది. రెండు, నీళ్లలో ముందే నైట్రైట్ ఉంటే అది కూడా కలిసి, నైట్రేట్ ఉన్నదానికన్నా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి నైట్రైట్ సున్నా అని ముందు తేల్చుకోండి.

ఇంకొకటి. కొన్ని కిట్లు నైట్రేట్‌ను చూపిస్తాయి, కొన్ని నైట్రేట్‌లోని నైట్రోజన్‌ను మాత్రమే చూపిస్తాయి. రెండో రకం అంకెను 4.43తో గుణిస్తే మొదటి రకం వస్తుంది. ఇద్దరు మిత్రులు తమ అంకెలు పోల్చుకుని వాదించుకోవడం నేను చూశాను. ఇద్దరివీ ఒకే నీళ్లు.

మియాపూర్_శ్రీను | మార్చి 11, రాత్రి 9:10

పాతతొట్టి గారు చెప్పినట్టే చేశాను. సిరంజితో కొలిచి ఒక పాలుకు నాలుగు పాళ్లు. నైట్రైట్ సున్నా. రెండో సీసా మా అమ్మాయి చేత ఊపించాను, తనకు అదొక ఆట. రంగు 25కి, 40కి మధ్య వచ్చింది, 32 అనుకోండి. ఐదుతో గుణిస్తే 160!

మామూలుగా చూస్తే 100 దాటడం లేదు, కలిపి చూస్తే 160. భయమేస్తోంది. రెండుసార్లు చేశాను, అదే.

పాతతొట్టి | మార్చి 11, రాత్రి 9:25

కలిపిన నీళ్లు ఎక్కడివి?

మియాపూర్_శ్రీను | మార్చి 11, రాత్రి 9:31

వంటింటి ఆర్‌ఓవి.

పాతతొట్టి | మార్చి 11, రాత్రి 9:34

పొద్దున్నే మందుల షాపుకు వెళ్లి ఇంజెక్షన్లలో కలిపే స్టెరైల్ వాటర్ ఆంప్యూల్స్ పది తెచ్చుకో. ఒక్కొక్కటి కొద్ది రూపాయలే. ట్యాంకు నీళ్లను వాటితో కలిపి మళ్లీ చూడు. తర్వాత నీ ఆర్‌ఓ నీళ్లనే, ఏమీ కలపకుండా, పరీక్షించు. వీలైతే బోరు నీళ్లు కూడా.

మియాపూర్_శ్రీను | మార్చి 12, రాత్రి 8:50

కూర్చుని రాస్తున్నాను, ఎందుకంటే నిలబడి ఉంటే కాళ్లు వణికేవి.

ట్యాంకు, ఆంప్యూల్ నీళ్లతో కలిపితే: 16, అంటే 80.
వంటింటి ఆర్‌ఓ: 20 దాటి, దాదాపు 23.
అపార్ట్‌మెంట్ బోరు, కలిపి చూస్తే: 110 దగ్గర.

ఆర్‌ఓ నీళ్లలో 23 ఎలా వస్తుంది? పోయిన నెలే సర్వీసు చేయించాను, మెంబ్రేన్ కొత్తది.

రసాయన_మాస్టారు | మార్చి 12, రాత్రి 9:20

మొన్నటి 160 గుట్టు వీడింది. 80 ఉన్న నీళ్లు ఒక పాలు, 23 ఉన్నవి నాలుగు పాళ్లు కలిపితే సగటు 34. మీరు చూసిన 32 అదే. మీరు ట్యాంకును కాదు, ఎక్కువగా వంటిల్లునే పరీక్షించారు.

ఇక 23 ఎలా వచ్చిందో మిషన్ మీద టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉందో లేదో చూస్తే తెలుస్తుంది. ఇళ్లలో వాడే చాలా ఆర్‌ఓలలో చిన్న మర ఉంటుంది. మెంబ్రేన్‌లోంచి వచ్చిన నీళ్లు చప్పగా ఉంటాయని, మెంబ్రేన్ గుండా వెళ్లని నీళ్లను కొంచెం పక్కదారిలో తెచ్చి కలుపుతారు. తాగడానికి ఇబ్బంది లేదు, ట్యాంకుకు మాత్రం దొడ్డిదారి తెరిచినట్టే. బోరు టీడీఎస్, మిషన్ నీళ్ల టీడీఎస్ ఎంతెంత?

మియాపూర్_శ్రీను | మార్చి 13, ఉదయం 7:45

బోరు 900, మిషన్ నీళ్లు 150. సర్వీసు కుర్రాడు పోయినసారి మర తిప్పుతూ "ఇప్పుడు తియ్యగా ఉంటాయి సార్" అన్నాడు. నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

రసాయన_మాస్టారు | మార్చి 13, సాయంత్రం 6:10

సరిగ్గా సరిపోయింది. మెంబ్రేన్ మాత్రమే ఉంటే 900 కాస్తా 45కి రావాలి. 150 ఉందంటే సుమారు పన్నెండు శాతం బోరు నీళ్లు నేరుగా కలుస్తున్నాయి. అందులోంచే 13 నైట్రేట్. మెంబ్రేన్ నైట్రేట్‌ను మిగతా లవణాలంత గట్టిగా ఆపదు, దాంట్లోంచి మరో 10 జారుతుంది. మొత్తం 23.

ఇప్పుడు మీ ట్యాంకు లెక్క. ఈ ఎండాకాలం రోజుకు ఎన్ని నీళ్లు ఆవిరై, తిరిగి పోస్తున్నారు? నాలుగు లీటర్లు అనుకుందాం. ఆవిరయ్యేది నీరే, నైట్రేట్ ట్యాంకులోనే ఉండిపోతుంది. 4 లీటర్లు, 23 మిల్లీగ్రాముల చొప్పున 92 మిల్లీగ్రాములు, 300 లీటర్లలో 0.3. వారానికి 2.

మేత లెక్క ఇంకోటి. ప్రోటీన్‌లో 16 శాతం నైట్రోజన్. 45 శాతం ప్రోటీన్ ఉన్న గుళికలు రోజుకు ఒక గ్రాము వేస్తే అందులో 72 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఉంటుంది, అదంతా నైట్రేట్ అయితే 319 మిల్లీగ్రాములు. మీ నీళ్లలో రోజుకు ఒక పీపీఎం, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము. చేప ఒంటికి పట్టేది, స్కిమ్మర్ (నురగతో మురికిని బయటికి తీసే పరికరం) లాగేది పోగా సగం మిగిలిందనుకున్నా వారానికి 3.5.

అంటే వారానికి ఐదున్నర చేరుతోంది. మీరు పదో వంతు నీళ్లు తీసి, 23 ఉన్న నీళ్లు పోస్తున్నారు. నీళ్లు మార్చినప్పుడు పోయేదీ, వారంలో చేరేదీ ఎక్కడ సమానమవుతాయో అక్కడే ట్యాంకు ఆగుతుంది. లెక్క వేస్తే అది 78. మీ ట్యాంకు 80.

నీళ్లు మార్చడం పని చేయలేదని కాదు. అది తన పని తాను చేసింది, మీరు ఇచ్చిన లెక్క ప్రకారమే. ఇలాగే ఇంకో పదేళ్లు మార్చినా అక్కడే ఉంటుంది. నైట్రేట్ లేని నీళ్లు పోస్తే అదే పదో వంతు మార్పిడికి 35 దగ్గర ఆగుతుంది. మేత సగం చేస్తే 17, 18.

డాలస్_మోహన్ | మార్చి 13, రాత్రి 10:30

మాస్టారూ, మీ బోర్డు ముందు కూర్చున్నట్టుంది. సరే, నా సల్ఫర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను, ప్రస్తుతానికి. ఇక్కడ మేము కుళాయి నీళ్లలో క్లోరమైన్ అనే క్రిమిసంహారకం ఉంటుందని మొదటి నుంచే ఆర్‌ఓ తర్వాత, దాన్ని దాటిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ పెట్టుకుంటాము, టీడీఎస్ సున్నా చూసి గానీ ఉప్పు కలపము. ఆ అలవాటు వల్ల ఎదుటివారి నీళ్లు కూడా సున్నాయే అనుకున్నాను.

వనామీ_రాజు | మార్చి 14, ఉదయం 5:10

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాము, ఇంట్లో చిన్న ఉప్పునీటి ట్యాంకు ఉంది. మాస్టారి మేత లెక్క చూసి నవ్వొచ్చింది, మా దగ్గర ఇది బస్తాల్లో ఉంటుంది. చెక్ ట్రేలో మేత మిగిలిందంటే మర్నాడు తగ్గించేస్తాము. అదే మనిషి ఇంటికొచ్చి ట్యాంకులో చేప గాజు దగ్గరికి వచ్చిందని పిడికెడు చల్లుతాడు, నాతో సహా.

చేప అడిగిందని వేయకండి. అది ఎప్పుడూ అడుగుతుంది. గడ్డకట్టిన మేత అయితే టీ వడకట్టే జల్లెడలో కరిగించి, ఆ రసం సింక్‌లో పారబోసి, ముక్కలు మాత్రం వేయండి. ఆ రసంతో పోయేది కొద్దే, కానీ ఊరికే చేర్చడం ఎందుకు. రెండు నిమిషాల్లో తినలేనిది ఎక్కువే.

కొత్త_కెరటం | మార్చి 14, ఉదయం 11:20

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నీళ్లు ఎక్కువ మార్చాలంటే ఉప్పు ఖర్చు చాలా అవుతోంది. మా మామగారి ఊరు నౌపడ దగ్గర, కల్లుప్పు బస్తాలు చవకగా దొరుకుతాయి. సముద్రపు నీళ్లదే కదా, వాడవచ్చా?

పాతతొట్టి | మార్చి 14, మధ్యాహ్నం 12:05

వద్దు నాయనా. మడిలో ఉప్పు గడ్డకట్టేటప్పటికి కాల్షియం చాలావరకు ముందే జిప్సంగా అడుగున దిగిపోతుంది, మెగ్నీషియం మిగిలిన చేదునీటిలో ఉండిపోతుంది. నీకు బస్తాలో దొరికేది కూరలో వేసుకునే సోడియం క్లోరైడ్. ఆవకాయకు బాగుంటుంది.

రాధిక_విశాఖ | మార్చి 14, సాయంత్రం 7:30

మాకు ఉప్పు ఖర్చు లేదు, సముద్రం పక్కనే ఉంది. అలాగని ఎక్కడ పడితే అక్కడ, ఎప్పుడు పడితే అప్పుడు తేలేము. కాలువలు కలిసే చోటికి దూరంగా వెళ్లాలి. వానాకాలం చివర్లో నదుల నీళ్లు బంగాళాఖాతంలోకి వచ్చి ఉప్పదనం బాగా పడిపోతుంది, కొలవకుండా పోస్తే అంతే. ఎండాకాలం మొదట్లో ఒక్కోసారి తీరంలో అడుగు నీళ్లు పైకి లేస్తాయి, వాటితో పోషకాలు కూడా. అందుకని తెచ్చిన నీళ్లను కూడా పరీక్షించడం నాకు అలవాటు.

శ్రీను గారూ, తర్వాత మీకు ఎవరో ఒకరు, నైట్రేట్ తినే బ్యాక్టీరియాకు కార్బన్ మేతగా వెనిగర్ పోయమని చెబుతారు. ఆ సలహా చెడ్డది కాదు. కానీ నా కథ విని పోయండి. మూడేళ్ల కిందట నాకు 60 ఉండేది. వెనిగర్, వోడ్కా ఎందుకు, చక్కెర కూడా కార్బనే కదా అని రోజుకు ఒక చెంచా వేశాను. నాలుగు రోజులు ఏమీ కాలేదు. ఓపిక లేక ఐదో రోజు మూడు చెంచాలు వేశాను. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు మంచినీళ్లకు లేచి చూస్తే ట్యాంకు పలచటి మజ్జిగలా ఉంది. చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. బ్యాక్టీరియా ఒక్క రాత్రిలో పెరిగి ప్రాణవాయువంతా లాగేసింది. మగ్గుతో నీళ్లు తీసి పైనుంచి పోస్తూ తెల్లవారే వరకు నిలబడ్డాను. రెండు చేపలు పోయాయి. నైట్రేట్ మాత్రం 60 నుంచి 50కి దిగింది, దాన్ని చూసి ఏం చేసుకోను.

వనామీ_రాజు | మార్చి 14, రాత్రి 8:15

రాధిక గారూ, మా భాషలో దాన్ని "రొయ్య పైకి తేలింది" అంటాము. తెల్లవారుజాము మూడు, నాలుగు గంటలప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే చెరువు గట్టున అందరి మొహాలూ ఒకేలా ఉంటాయి.

మీరు చక్కెర వేశారు, మేము బెల్లం వేస్తాము. తవుడు, బెల్లం, ఈస్టు కలిపి పులియబెట్టి చెరువులో చల్లడం ఇక్కడ రైతులందరికీ తెలుసు. కార్బన్ దొరికితే బ్యాక్టీరియా పెరుగుతూ నీళ్లలోని నైట్రోజన్‌ను ఒంటికి పట్టించుకుంటుంది. కాకపోతే ఒక తేడా ఉంది. చెరువులో మా గురి అమ్మోనియా మీద, బ్యాక్టీరియాకు కూడా అదే ముందు కావాలి. ఆ పెరిగిన ముద్దను రొయ్య కొంత తింటుంది. మీ ట్యాంకులో దాన్ని స్కిమ్మర్ లాగి బయట పారేయాలి. స్కిమ్మర్ లేకుండా బెల్లం సంగతి తలపెట్టకూడదు.

పాతతొట్టి | మార్చి 15, ఉదయం 6:40

ఇద్దరూ అనుభవించి చెప్పారు. శ్రీనూ, నేనైతే ఇలా చేస్తాను.

ఈ వారమే మిషన్‌లో ఆ మర పూర్తిగా మూయించు, లేదా మెంబ్రేన్‌లోంచి వచ్చే గొట్టానికి ట్యాంకు కోసం వేరే పాయ తీయించు. ఇంట్లో వాళ్లు తాగే నీళ్ల రుచి చెడగొట్టి ఇంటిపోరు తెచ్చుకోకు, వేరే పాయే మంచిది. దాని చివర డీఐ రెజిన్ గొట్టం ఒకటి. టీడీఎస్ సున్నా వచ్చాకే ఉప్పు కలుపు. ఆవిరైన నీళ్ల బదులు పోసేది కూడా అదే నీళ్లు, ఇది మరవకు.

తర్వాత నాలుగు వారాలు పదో వంతు కాకుండా పావు వంతు మార్చు, అంటే 75 లీటర్లు. లీటరుకు 36 గ్రాముల లెక్కన వారానికి 2.7 కిలోల ఉప్పు. ఖర్చే, కానీ నువ్వు సంచులకూ సీసాలకూ పెట్టినదానిలో సగమే. ఒక్కరోజులో సగం మార్చేసి ఊపిరి పీల్చుకుందామనుకోకు. ఆరు నెలలు 80లో బతికిన అనిమోనీకి రాత్రికి రాత్రి 40 కూడా దెబ్బే. కొత్త నీళ్ల వేడి, ఉప్పదనం ట్యాంకుతో సమానంగా ఉండాలి.

30కి వచ్చాక వెనిగర్ సంగతి మాట్లాడదాం. అసలు అవసరం పడుతుందో లేదో.

ఏడు_రంగులు | మార్చి 15, ఉదయం 10:00

ఇంత లెక్క ఎందుకండీ? చేపలు మాత్రమే ఉన్న ట్యాంకులో 80 ఉన్నా ఏమీ కాదు. నాది ఎప్పుడూ 100.

పాతతొట్టి | మార్చి 15, ఉదయం 10:20

చేపలు మాత్రమే ఉంటే నేనూ నిద్ర పాడుచేసుకోను. చాలా చేపలు తట్టుకుంటాయి. అతని ట్యాంకులో అనిమోనీ ఉంది, రొయ్య ఉంది, పగడాలు ఉన్నాయి. మొదటి టపా చదువు.

డాలస్_మోహన్ | మార్చి 16, ఉదయం 8:40

సంప్‌లో చోటు ఉంటే కీటోమార్ఫా పెంచండి, పీచు మిఠాయిలా చిక్కుపడి ఉండే పచ్చని నాచు. పై ట్యాంకు దీపాలు ఆరిపోయాక రాత్రి దాని దీపం వెలిగేలా పెట్టండి, రాత్రిపూట పీహెచ్ పడిపోవడం కూడా తగ్గుతుంది. పెరిగినదాన్ని గుప్పెడు తీసి పారేసినప్పుడే నైట్రేట్ బయటికి పోయినట్టు, లోపల పెంచుకుంటూ కూర్చుంటే లాభం లేదు. హైదరాబాదులో ట్యాంకులున్న వాళ్లను అడిగితే ఎవరో ఒకరు ఊరికే ఇస్తారు, అందరి దగ్గరా ఎక్కువే ఉంటుంది. కాలెర్పా మాత్రం తీసుకోకండి. ఒక్కోసారి అది ఒక్క రాత్రిలో తెల్లగా కరిగిపోయి, తిన్నదంతా నీళ్లలోకి కక్కేస్తుంది.

మియాపూర్_శ్రీను | మార్చి 23, రాత్రి 9:50

వేరే పాయ తీయించాను. సర్వీసు కుర్రాడు, "చేపలకు ఇంకా మంచి నీళ్లు, మీకు ఇవేనా సార్" అని నవ్వాడు. మెంబ్రేన్ నీళ్లు టీడీఎస్ 44, నైట్రేట్ 10. రెజిన్ తర్వాత రెండూ సున్నా. మొదటి 75 లీటర్లు మార్చాను. మేత రోజుకు మూడుసార్లు వేసేది ఒకసారికి తెచ్చాను. మూడో రోజు వరకు ఫాక్స్‌ఫేస్ గాజు దగ్గర నిలబడి నన్నే చూసేది. ఇప్పుడు రాళ్ల మీద నాచు కొరుక్కుంటోంది. గాజు మీద పొర రెండు రోజులకోసారి తుడిస్తే సరిపోతోంది.

నైట్రేట్ 62.

మియాపూర్_శ్రీను | ఏప్రిల్ 13, రాత్రి 10:15

నాలుగో మార్పిడి అయింది. వరుసగా 62, 50, 38, ఈరోజు 30. మాస్టారూ, మీ లెక్క నా గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకున్నాను, ఒకటి రెండు అంకెలే అటూ ఇటూ.

అనిమోనీ మూడు రోజులుగా మధ్యాహ్నానికి పూర్తిగా విప్పుకుంటోంది. నోరు మూసుకుంది. నిన్న పెద్ద క్లౌన్ అందులో దూరి పడుకుంది, మా అమ్మాయి ఫొటోలు తీసి బడిలో అందరికీ చూపించింది. ఇప్పుడు వెనిగర్ పోయవచ్చా?

పాతతొట్టి | ఏప్రిల్ 14, ఉదయం 6:10

తొందర. సరే, కానీ ముందు ఫాస్ఫేట్ ఎంతో చెప్పు. అది సున్నా అయితే వెనిగర్ పోసినా నైట్రేట్ కదలదు. బ్యాక్టీరియా ఒంటికి రెండూ కావాలి, ఒకటి అయిపోతే రెండోది అలాగే మిగిలిపోతుంది. ఫాస్ఫేట్ పీల్చే రాయి ఏదైనా వేసి ఉంటే తీసెయ్.

మియాపూర్_శ్రీను | ఏప్రిల్ 14, రాత్రి 8:30

0.08. రాయి ఏమీ లేదు.

రసాయన_మాస్టారు | ఏప్రిల్ 15, సాయంత్రం 5:20

చాలు. రంగు లేని తెల్ల వెనిగర్ కొనండి, సీసా మీద ఆమ్లం శాతం చూడండి. మన దగ్గర ఎక్కువగా 4 శాతం చుట్టుపక్కల ఉంటుంది. రోజుకు 3 మిల్లీలీటర్లతో మొదలుపెట్టండి, పొద్దున, స్కిమ్మర్ పంపు దగ్గర. వారం గడిచాక 6, ఆపై వారం 9. నీళ్లు మసకబారినా, గాజు మీద తెల్లటి జిగురు తీగలు కనిపించినా ఆ రోజుకు ఆపి, మర్నాటి నుంచి సగానికి తగ్గించండి. నైట్రేట్ దిగడం మొదలయ్యాక ఇక పెంచవద్దు.

సున్నా చేయాలని పట్టుపట్టకండి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా అయితే డైనోఫ్లాజెలేట్లు అనే ముదురు గోధుమ జిగురు పట్టుకుంటుంది. దానితో పోలిస్తే మీ 80 నయం. 5కి 15కి మధ్య ఉంటే మీ పగడాలకు బాగుంటుంది.

రాధిక_విశాఖ | ఏప్రిల్ 15, రాత్రి 9:00

కరెంటు పోతే స్కిమ్మర్ ఆగుతుంది, ఒక గాలి పంపు ఇన్వర్టర్ మీద పెట్టుకోండి. పోతుందని ముందే తెలిస్తే ఆ రోజు వెనిగర్ మానేయండి.

మియాపూర్_శ్రీను | జూన్ 22, రాత్రి 9:40

చాలా రోజులైంది. రోజుకు 9 మిల్లీలీటర్ల దగ్గర ఆగాను, కీటోమార్ఫా ఒక మిత్రుడు ఇచ్చాడు, పదిహేను రోజులకో గుప్పెడు తీస్తున్నాను. ఆదివారం మార్పిడి మళ్లీ 30 లీటర్లే. నైట్రేట్ మూడు వారాలుగా 12. ఒకసారి మధ్యలో నీళ్లు కాస్త మసకబారాయి, రాధిక గారి మజ్జిగ గుర్తొచ్చి రెండు రోజులు వెనిగర్ మానేశాను, తేటపడ్డాయి.

వనామీ_రాజు | జూన్ 23, ఉదయం 5:20

శుభం. శ్రీను గారూ, మార్చి నుంచి ఒక మాట అడుగుదామనుకుంటున్నాను. మీ బోరులో 110 అన్నారు. తాగే నీళ్లకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) హద్దు 45. మీ అపార్ట్‌మెంట్‌లో ఆర్‌ఓ లేకుండా బోరు నీళ్లు కాచి తాగేవాళ్లు, పసిపిల్లల పాలపొడిలో కలిపేవాళ్లు ఎవరైనా ఉన్నారా? కాస్తే నైట్రేట్ పోదు. నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది.

రసాయన_మాస్టారు | జూన్ 23, సాయంత్రం 6:00

ఇది నాకు తట్టనందుకు సిగ్గుగా ఉంది. ఆరు నెలల లోపు పిల్లల విషయంలో ఇది నిజంగా ప్రమాదం. నైట్రేట్ ఒంట్లో నైట్రైట్‌గా మారి, రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. అయితే కిట్ అంకెతో గొడవ పెట్టుకోకండి. ఒక సీసా నీళ్లు నీటి పరీక్ష చేసే ప్రయోగశాలకు ఇచ్చి కాగితం తెచ్చుకోండి, అప్పుడు సంఘం వాళ్లు వింటారు.

మియాపూర్_శ్రీను | జూలై 2, రాత్రి 10:05

ప్రయోగశాల కాగితం వచ్చింది: 104. సంఘం సమావేశంలో చదివాను. మూడో అంతస్తులో నాలుగు నెలల బాబు ఉన్నాడు, వాళ్లమ్మ బోరు నీళ్లే ఇరవై నిమిషాలు మరిగించి పాలు కలుపుతోంది. మరిగిస్తే అన్నీ పోతాయనుకుందట. డాక్టరుకు చూపించారు, బాబు బాగానే ఉన్నాడు. ఆ రోజు నుంచి మా మిషన్ నీళ్లే పట్టుకెళ్తున్నారు, ట్యాంకు పాయలోవి కావు, వంటింటివే. రోజూ సాయంత్రం బిందె తీసుకుని వస్తుంది, బాబును చంకనేసుకుని. వాడు నేరుగా ట్యాంకు దగ్గరికే చేతులు చాస్తాడు.